వర్గు కుదిరిన ఇల్లు

నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టడం అందరికీ చేతకాదు. కుట్టు ఎటు పోతోందో కంటికి కనబడదు, వేలికి తెలియాలి. బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో, అరబ్బు ఆడవాళ్లు పైన వేసుకునే అబాయాలు కుట్టే ఒక కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా నా పని అదే. ఆ మధ్యాహ్నం ఒక చేతి అంచు మడిచి ఇస్త్రీ పెడుతుంటే మా ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. మా ఆయన పేరు ముత్యం. కోరుట్లలో మా ఇంటి వరండాలో కూర్చుని, అన్నం తిన్నాక రోజుకొకటి పంపుతాడు. ఎండ ఎంత కొడుతోందో, ఏం కూర తిన్నాడో, నడుము ఏ వైపు లాగుతోందో అందులో ఉంటాయి. నేను ఇస్త్రీ ఆపకుండానే వింటాను. ఆ రోజు మాత్రం పెట్టె పక్కన పెట్టి రెండోసారి విన్నాను.

"రాణీ, నీ డ్యూటీ ఎట్లాగు ఖలాస్ అయితున్నది గదా. ఇల్లు భూమేష్ కొడుకు పేరు మీద రాసిద్దామని అనుకున్నం. రేపు మనల్ని సూసుకునేటోడు వాడే గదా. కాయితం గూడ తయారయింది. నువ్వేం ఫికర్ జెయ్యకు, నువ్వు రాకున్నా పని అయితదట."

భూమేష్ నా మరిది. 'అనుకున్నం' అన్నదాంట్లో ఎవరెవరున్నారో నాకు చెప్పనక్కరలేదు. అన్న, తమ్ముడు, తమ్ముడి భార్య, వాళ్ల పిల్లవాడు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి ఒక్కతే అందులో లేదు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఇల్లు తమ్ముడి కొడుక్కే పోతుందని మా వైపు అందరూ ముందునుంచీ అనుకునేదే. పోతుందేమో కూడా. కానీ నేను పోకముందే పోతుందని అనుకోలేదు. పైగా 'నువ్వు రాకున్నా పని అయితది' అన్నమాట నా చెవిలోనే ఉండిపోయింది. నా ఇల్లు నేను లేకుండా ఎట్లా చేతులు మారుతుందో ఎంత ఆలోచించినా నాకు అర్థం కాలేదు.

నాకు అరవై రెండేళ్లు. రెండు నెలల్లో నా వీసా అయిపోతుంది, ఇక రెన్యువల్ లేదు. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానురాలు, పెద్దావిడ మంచిదే. భుజం తట్టి, ఇంటికి పోయి హాయిగా కూర్చో అంది. మా ఇంట్లో హాయిగా కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు ఎవరు చెప్తారు? రెండేళ్లకొకసారి నలభై రోజుల సెలవు మీద వెళ్తాను. దిగిన తెల్లారి మా యారాలు, అంటే భూమేష్ భార్య, "అక్క చేతి వంట తినక ఎన్నొద్దులాయె" అంటుంది. చాలా ప్రేమగా అంటుంది. ఆ తర్వాత నలభై రోజులూ ఆమె వంటింట్లో కాలు పెట్టదు. పూట పూటకూ ఏడుగురికి వండి, సామాన్ తోమి, మా ఆయన నడుముకు నూనె రాసి, చుట్టాల జాకెట్లన్నీ వరసగా కుట్టిచ్చి, విశ్రాంతి కోసం నేను మళ్లీ బహ్రెయిన్‌కు వచ్చేదాన్ని. ఇక్కడ కనీసం ఓవర్‌టైం చేస్తే దాన్ని ఓవర్‌టైం అంటారు.

ఇల్లు వాళ్లదయ్యాక అక్కడ నా బతుకు ఎట్లా ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. అప్పుడు నేను సెలవు మీద వచ్చిన వదినను కూడా కాను, ఎప్పటికీ పోని వదినను. మందుబిళ్లకు చెయ్యి చాపాలి, చీరకు చెయ్యి చాపాలి. 'పెద్దమ్మకు ఖర్చులెక్కువైనయి' అన్న మాట ఏ రోజు ఎవరి నోట వస్తుందో చూస్తూ కూర్చోవాలి.

పెళ్లైన కొత్తలో వాడకట్టు మొత్తానికి నేనే జాకెట్లు కుట్టేదాన్ని. మనోళ్ల దగ్గర డబ్బులు ఎట్లా తీసుకుంటావని మా అత్త ఒక్క రూపాయి తీసుకోనిచ్చేది కాదు. "ఇంట్ల కూసోని మిషన్ తొక్కుడు గూడ ఒక పనేనా" అనేది. మా ఆయన ఇక్కడ మేస్త్రీ పని చేస్తూ పరంజా కట్టెల మీంచి పడి, నడుము విరగ్గొట్టుకుని ఇంటికి చేరాక, పని కాని ఆ పనే పట్టుకుని నేను విమానం ఎక్కాను. అప్పుడు మా అత్త, "దుబాయి పోయిన ఆడిది ఆడిదే కాదు" అంది. మా వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. నెల నెలా డబ్బులు అందడం మొదలయ్యాక ఆ మాట మానేసింది. మెచ్చుకుందని కాదు, మానేసింది, అంతే.

ఇల్లు నా పేరు మీదికి ఎట్లా వచ్చిందో చెప్తే మీరు నవ్వుతారు. పదమూడేళ్ల కింద కోరుట్ల కొత్త కాలనీలో ఉత్తరం మొగం జాగ దొరికింది. మా ఆయన పేరు మీదే రాయించాలని అనుకున్నారు. డబ్బు ఎవరిదన్నది ఎవరికీ గుర్తుకు రాలేదు, నాకూ రాలేదు. పంతులు వర్గు చూశాడు. మనిషి పేరులో మొదటి అక్షరం ఏ వర్గులో పడుతుందో, ఆ వర్గుకు ఏ దిక్కు వాకిలి కలిసొస్తుందో చూసే లెక్క అది. ముత్యం, భూమేష్ ఇద్దరిదీ ప వర్గే అయింది. ఈ జాగ ఇద్దరికీ పనికిరాదన్నాడు పంతులు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, అప్పుడు గుర్తొచ్చానట నేను. విజయరాణి, య వర్గు, ఉత్తరం బ్రహ్మాండంగా కుదిరిందన్నాడు. తొమ్మిదేళ్ల డ్యూటీకి దక్కనిది ఒక 'వి' అక్షరానికి దక్కింది. ఆ పంతులుకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. "నీ పేరైతేంది, నా పేరైతేంది, అంతా ఒకటే గదా" అన్నాడు మా ఆయన అప్పుడు. అంతా ఒకటే అయినప్పుడు ఇప్పుడు ఈ మార్పించే తిప్పలు ఎందుకో.

గృహప్రవేశం రంజాన్ ముందు పడింది. అబాయాల కార్ఖానాలో రంజాన్ ముందు చచ్చినా సెలవు దొరకదు. భార్య పక్కన లేనిదే మగవాడు పీటల మీద కూర్చోకూడదు కదా, అందుకని భూమేష్, యారాలు కూర్చున్నారు. పాలు ఆమె పొంగించింది. నేను ఇక్కడ సీడీలో చూశాను. నాతో పాటు కత్తిరింపు పని చేసే కనీజ్ కూడా పక్కన కూర్చుని చూసింది. కరీంనగర్ మనిషి. "అక్కా, ఇల్లు నీదే గదా, మరి ఆమె ఎవరు?" అంది. ఆ పట్టుచీర కూడా నాదేలే అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను, అది కూడా చెప్పాలి.

ఆ వారంలోనే రివర్స్ మార్ట్‌గేజ్ అన్న మాట నా చెవిన పడింది మనామా నుంచి వచ్చే ఒక తెలుగు టీచరమ్మ దగ్గర. కొలతలు తీసుకుంటుంటే వాళ్లమ్మ సంగతి చెప్పింది. విజయవాడలో ఆవిడ తన ఇంటి మీద బ్యాంకు నుంచి నెల నెలా డబ్బు తీసుకుంటోందట, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా అదే ఇంట్లో ఉంటోందట. టేపు ఆమె నడుం దగ్గర పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మళ్లీ చెప్పమన్నాను. మామూలు హోమ్‌లోన్‌లో మనం నెల నెలా కడుతుంటే అప్పు తరుగుతుంది. ఇందులో బ్యాంకు నెల నెలా మనకు ఇస్తుంటే అప్పు పెరుగుతుంది. మనం బతికుండగా కట్టనక్కరలేదు. మనం పోయాక వారసులు ఆ అప్పు తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదంటే బ్యాంకు అమ్ముకుని తనది తీసుకుని మిగిలింది వాళ్లకు ఇస్తుంది. అరవై దాటినవాళ్లకు మాత్రమే. మొట్టమొదటిసారి నా వయసు ఒకదానికి పనికొస్తుందని విన్నాను.

కోరుట్లలో మా బ్యాంకుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన అట్లాంటి స్కీమేదీ లేదు, బంగారం ఉంటే పట్టుకురమ్మన్నాడు. కనీజ్ ఊరుకోకుండా శుక్రవారం నన్ను మనామాలో నయీమ్ అనే పేటకు లాక్కెళ్లింది. అక్కడ ఒక ఫోన్ల దుకాణం మీద గదిలో ముఖేష్ అనే ఒకాయన ఇట్లాంటి సలహాలు చెప్తాడని ఎవరో అన్నారు. కోటు వేసుకున్నాడు, టీ తెప్పించాడు, సలహా ఉచితమన్నాడు. ఇల్లు ఎంత పెద్దదో అడిగి, నెలకు ఎంతొస్తుందో అర నిమిషంలో కాగితం మీద వేసి చూపించాడు. చూడటానికి ముద్దుగానే ఉంది ఆ అంకె. ఇండియా పోనక్కరలేదు, ఇక్కడినుంచే అయిపోతుందన్నాడు. వడ్డీ ఎంతని అడిగితే టెన్షన్ పడొద్దన్నాడు. నేను పోయాక మా ఆయన గతేమిటని అడిగితే కూడా టెన్షన్ పడొద్దన్నాడు. చివరికి, వచ్చే వారం మీ సార్‌ను ఫోన్‌లోకి తీసుకోండి, ఇవి మగవాళ్లకు త్వరగా అర్థమవుతాయన్నాడు. నేను టీ మొత్తం తాగేసి లేచాను. అబాయా కొనడానికొచ్చే ఆడవాళ్లలో తెలిసినవాళ్లు పైపని చూడరు, బట్ట తిరగేసి లోపలి కుట్టు చూస్తారు. ఈయన తిరగేయనివ్వడం లేదు. పైగా సలహా ఉచితమైతే ఈయనకు కోటు ఎవరు కుట్టించారు?

దారిలో కనీజ్‌కు తన పిన్ని కూతురు గుర్తొచ్చింది. పేరు నిఖత్. పదకొండేళ్లు బ్యాంకులో ఇళ్ల లోన్ల దగ్గర పనిచేసి, ఇప్పుడు కరీంనగర్‌లో సొంత ఆఫీసు పెట్టుకుందట. మన పిల్ల కదా అని నేను ఊరికే నమ్మదల్చుకోలేదు. ముఖేష్‌ను అడిగిన ప్రశ్నలే ఒక అట్టముక్క మీద రాసుకుని వీడియో కాల్ చేశాను. ముప్పై అయిదేళ్లుంటాయేమో, కళ్లజోడు, నవ్వు తక్కువ. నమస్తే అయిందో లేదో ఫీజు సంగతి ఎత్తింది.

"ముందుగాలే చెప్తున్న విజయరాణి గారూ, నా ఫీజు రెండు వేలు. మీరు లోన్ తీసుకున్నా అంతే, తీసుకోకున్నా అంతే. ఏ బ్యాంకు నుంచి నాకు పైస రాదు. ఒప్పుకుంటెనే మాట్లాడుదాం."

కనీజ్ సిగ్గుపడి నా వైపు చూసింది. నాకు మాత్రం ఆ పిల్ల అక్కడే నచ్చింది. చేసే పనికి ధర ఉందని, ఆ ధర ముందే చెప్పాలని ఆ వయసులో నాకు ఎవరైనా నేర్పి ఉంటే, వాడకట్టు జాకెట్లన్నీ ఊరికే కుట్టి కళ్లు పాడుచేసుకునేదాన్నా? ఒప్పుకున్నాను.

ఆమె అంకె చెప్పలేదు. ప్రశ్నలు వేసింది. ఆయన వయసెంత, ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు, ఇల్లు కట్టి ఎన్నేళ్లైంది, తిరిగొచ్చాక ఆ ఇంట్లోనే ఉంటారా లేక చుట్టాల దగ్గర ఉంటారా. మీద పోర్షన్‌లో భూమేష్ వాళ్లు, కింద మా ఆయన, కిందే పెద్ద గదిలో భూమేష్ కొడుకు ఉంటారని చెప్పాను. గల్ఫ్‌లో కూర్చుని తీసుకోవడం కుదరదు, ఆ ఇంట్లో మీరు నివాసముండాలి, అదే అసలు షరతు అంది. ఇంటిపన్ను, బీమా, రిపేర్లు మనవే. అన్ని బ్యాంకులూ ఇవ్వవు, ఇచ్చే బ్యాంకులో కూడా అన్ని బ్రాంచీల వాళ్లకూ తెలియదు. నెల నెలా ఇచ్చేదానికి ఏళ్ల గడువుంటుంది. గడువు తీరాక డబ్బు ఆగిపోతుంది కానీ ఇంట్లోంచి మనల్ని లేవమనరు. వడ్డీ ఎట్లా పెరుగుతుందో అయిదేళ్లకు, పదేళ్లకు, పదిహేనేళ్లకు రాసి కెమెరాకు చూపించింది. ఆ కాగితం ముద్దుగా లేదు. పదిహేనో ఏడు అంకెను నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. అట్లా భయపెట్టిన తర్వాత అసలు మాట చెప్పింది.

"ఇది మీకు పనికిరాకపోవచ్చు. ముందుగాల మీద పోర్షన్ కిరాయికిస్తే ఎంతొస్తదో సూడుండ్రి. దాంతోని ఇద్దరు బతుకుతరంటే ఈ లోన్ జోలికి పోకుండ్రి. సరిపోదంటేనే పోదాం. పోతే గూడ మీ ఒక్కరి పేరు మీద వద్దు, ఆయన్ని కలుపుకొనుండ్రి. అప్పుడు ఇద్దరిల చివరి మనిషి ఉన్నన్ని రోజులు ఆ ఇంట్ల ఉండొచ్చు."

అమ్మాలని వచ్చినవాడు వద్దని చెప్పడు. నా అట్టముక్క మీద రాసుకున్నవన్నీ నేను అడగకముందే ఆమె చెప్పేసింది. ఈమెనే పెట్టుకుందామని నిర్ణయించుకుని ఫోన్ పెట్టేయబోతుంటే, ఆఖరున ఇంకొకటి అడిగింది. ఆ ఇంటి మీద ఎవరికైనా పవర్ రాసిచ్చారా అని.

గల్ఫ్‌కు వచ్చినవాళ్లలో పవర్ రాసివ్వని మనిషిని నేను చూడలేదు. మనం ఇక్కడ, జాగ అక్కడ. రిజిస్ట్రేషన్‌కు, ఇంటి పర్మిషన్‌కు, కరెంటు మీటరుకు మన బదులు సంతకం పెట్టడానికి ఊళ్లో ఒక మనిషి కావాలి. కాగితం ఊళ్లో రాయించి ఎవరి చేతనో పంపుతారు, మనం ఎంబసీకి పోయి పెన్సిల్ టిక్కు ఉన్న చోటల్లా సంతకం పెడతాం. భూమేష్‌కు పవర్ రాసివ్వడానికి నాకు రెండు గంటల పర్మిషన్ ఇచ్చారు ఆ రోజు. ఇంగ్లీషులో అయిదు పేజీలు. నేను చదివింది ఏడో తరగతి, తెలుగులో. నా ముందున్నవాళ్లు వేలిముద్ర వేస్తుంటే నేను మాత్రం సంతకం చేస్తున్నానని గర్వపడ్డాను కూడా. ఆ నకలు నా ట్రంకు పెట్టెలో పదమూడేళ్లుగా పాస్‌పోర్టు కింద ఉంది. ఫోటోలు తీసి పంపాను. నిఖత్ పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది.

"కొనుడు, కట్టుడు, పర్మిషన్లు, ఇవి రాసిండ్రు. నాలుగో పేజీల అమ్ముడు, కుదువ పెట్టుడు, దానం ఇచ్చుడు గూడ రాసిండ్రు. గడువు లేదు. మీ మరిది ఇవ్వాళ పోయినా మీ ఇల్లు ఎవరికన్న రాసియ్యొచ్చు."

నువ్వు రాకున్నా పని అవుతుందన్నది ఇదన్నమాట. నాకు ముందు కోపం వచ్చింది నా మీదే. ఇంచు కొలతలో సూదిమొన అంత తేడా వస్తే మొత్తం విప్పి కుట్టే దాన్ని, నా ఇల్లు మొత్తాన్ని చూడకుండా చేతిలో పెట్టాను. తర్వాత కోపం భూమేష్ మీదికి పోయింది, ఆ తర్వాత వరండాలో కూర్చున్న మనిషి మీదికి పోయింది. వర్గు కుదరక ఇల్లు నా పేరు మీద రాయించారు, రాయించిన నెలలోనే ఆ పేరును తిరిగి తీసేసుకునే కాగితం కూడా నాతోనే సంతకం పెట్టించారు. పదమూడేళ్లు నేను ఇంటి యజమానురాలినని లోలోపల మురిసిపోతూ గడిపాను. ఆ మురిపెం గుర్తొస్తే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఒక పూట ఉంది. మర్నాటికి నేను పనిలో పడ్డాను.

మా ఆయనకు ఫోన్ చేసి, ఆ తయారైన కాగితం ఫోటో తీసి పంపమని మామూలుగా అడిగాను. ఆయనకు అనుమానం రాలేదు. నేను అడ్డం చెప్తానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు కదా. రిజిస్ట్రేషన్ ఎప్పుడని అడిగాను. ఇప్పుడు మూఢం నడుస్తోంది, పోయాక మంచిరోజు చూసి చేద్దామని భూమేష్ అన్నాడట. ఇంకా పద్నాలుగు రోజులు. పంచాంగం నన్ను రెండోసారి ఆదుకుంది. అయితే ఒకసారి ఇచ్చిన పవర్‌ను రద్దు చేయడానికి మూఢం అడ్డం రాదని నిఖత్ చెప్పింది.

రద్దు కాగితం ఆమె ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి పంపింది. ఎంబసీకి కనీజ్‌ను తోడు తీసుకుని పోయాను. ఈసారి కఫీల్ దగ్గర పూట మొత్తం సెలవు అడిగాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి పేజీలు తిప్పుతూ ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. చదువుకుని పెడతాను బాబూ అన్నాను. నా వెనక లైనుంది. అయినా నిలబడి మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా చదివాను. చదివి సంతకం పెట్టి, అదే రోజు కొరియర్ చేశాను. నిఖత్ కరీంనగర్‌లో ముద్రలు వేయించి, కోరుట్ల రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, భూమేష్‌కు ఒక నకలు రిజిస్టర్ పోస్టులో పంపింది. ఆ పనికి ఫీజు వేరే తీసుకుంది. సంతోషంగా ఇచ్చాను.

పోస్టు అందిన రోజే భూమేష్ ఫోన్ చేశాడు. వాడు అరవలేదు. అరిచే మనిషి కాదు, బాధపడే మనిషి. ఎండలో నిలబడి ఇల్లు కట్టించానన్నాడు. నిలబడ్డాడు, నిజమే, కాదని నేనూ అనలేదు. మీద పోర్షన్‌లో ఇన్నేళ్లు కిరాయి లేకుండా ఉన్నది కూడా నిజమే కదా అన్నాను. బ్యాంకు లోన్ ఆలోచన కూడా దాచకుండా చెప్పేశాను. బ్యాంకుకు పెడితే ఇంటి పరువేం కావాలన్నాడు. ఆఖరికి తమ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే మాట బయటికి తీశాడు.

"పిల్లగాండ్లు లేనోళ్లు గట్ల మాట్లాడొద్దు వదినా. రేపు అన్నకు గానీ నీకు గానీ ఏమన్నయితే తలకొరివి పెట్టేది ఎవలు?"

"సచ్చినంక సంగతి నాకు తెల్వది భూమేష్. బతికున్నన్ని రోజులు అన్నం ఎవలు పెడ్తరో సూసుకున్నంక దాని గురించి ఆలోచన జేస్త" అన్నాను.

మా ఆయన రెండు రోజులు మెసేజ్ పంపలేదు. పెళ్లైన ముప్పై తొమ్మిదేళ్లలో అలక ఎప్పుడూ ఆయనదే, బతిమాలడం ఎప్పుడూ నాది. ఈసారి నేను బతిమాలలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. తమ్ముడి ముందు తలెత్తుకోకుండా చేశానన్నాడు, నమ్మకం లేని మనిషిలా తయారయ్యానన్నాడు. అన్నీ అననిచ్చాను. తిట్లు అయిపోయాక ఆయన గొంతు చిన్నదైంది. అసలు భయం అప్పుడు బయటపడింది.

"రేపు బ్యాంకోడు ఇల్లు తీస్కుంటే నేనేడికి పోవాలె రాణీ, ఈ నడుముతోని?"

నాకు ఆయన మీద కోపం అక్కడ సగం పోయింది. అబద్ధం ఎందుకు, పోయింది. ఇన్నేళ్లూ తమ్ముడికి ఊఁ కొట్టింది ఈ భయంతోనే కదా. లోన్ తీసుకునేదీ లేనిదీ నేనొచ్చి కిరాయి సంగతి చూసుకున్నాక ఇద్దరం కూర్చుని ఆలోచిద్దామన్నాను. తీసుకుంటే అందులో నీ పేరు కూడా ఉంటుంది, నేను ముందు పోయినా నువ్వున్నన్ని రోజులు ఆ ఇంట్లోంచి నిన్ను ఎవరూ లేపరు అని రెండుసార్లు చెప్పాను. తర్వాత, ఆయన ఫోటో తీసి పంపిన దానం కాగితం తెరిచి, నిఖత్ గీత గీసి పంపిన చోటు చదివి వినిపించాను. ఇల్లు నేటి దినమే సంపూర్ణంగా స్వాధీనపరచడమైనది, ఇకమీదట మాకు గానీ మా వారికి గానీ అందులో ఎట్టి హక్కూ లేదు. నువ్వు చచ్చేదాకా అక్కడ ఉండొచ్చని ఇందులో ఎక్కడా లేదు, మూడు పేజీలూ వెతికించాను అని చెప్పాను.

ఆ కాగితం తను చదవలేదన్నాడు. తెలుసన్నాను.

"మరి ఇప్పుడు ఏం జేద్దాం?" అన్నాడు.

ఏం చేద్దామని ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. జవాబు నా దగ్గర ఉంది.

"ముందుగాల పెద్ద అర్రల ఉన్న భూమేష్ పిల్లగాని సామాన్ మీదికి పంపియ్యి. రేపు బ్యాంకోళ్లు ఇల్లు సూడనీకి వస్తే, ఇంటామె పండే అర్ర ఏదని అడుగుతరు."